గదికి రెండు పేర్లు

ఫిబ్రవరి 3

అక్కకి,

నమస్కారాలు. రోజూ ఫోనులో మాట్లాడుకుంటూ మళ్ళీ ఈ ఉత్తరమేమిటని నవ్వకు. మనింట్లో ఫోను మోగితే ముందు అత్తయ్య, తర్వాత బావగారు, ఆ తర్వాత పిల్లలు, వీలైతే పక్కింటావిడ కూడా పలకరిస్తారు. తోడికోడళ్ళ వంతు వచ్చేసరికి "సరే, ఉంటాను" అనే మాటొక్కటే మిగులుతోంది. ఉత్తరానికి పన్నెండు రోజులు పట్టినా మధ్యలో ఎవరూ లాక్కోరు.

మీ మరిదికి ఇక్కడి ఉద్యోగం ఇంకో మూడేళ్ళు పొడిగించారు. ఏడున్నరకి ఆయన డబ్బా పట్టుకుని వెళ్ళాక నాకు మిగిలేది ఇల్లు, దేవుడు, కిటికీ. ఎంత నెమ్మదిగా దణ్ణం పెట్టుకున్నా తొమ్మిదికల్లా దేవుడు కూడా "ఇక చాలమ్మా, ఏదైనా పని చూసుకో" అన్నట్టు చూస్తున్నాడు. అందుకే చూసుకుంటున్నాను.

ఇక్కడ మనవాళ్ళకి ఫోనులో ఒక ఫోరం ఉంది. సొంత దేశం వదిలి వచ్చిన మన భాషవాళ్ళంతా అందులో రాసుకుంటారు. డాక్టరు ఎక్కడ, బడి ఎక్కడ, మంచం అమ్ముతాం, మంచం కొంటాం. రెండేళ్ళకో మూడేళ్ళకో అందరూ ఎక్కడికో బదిలీ అవుతుంటారు కదా, వెళ్ళేవాళ్ళు కర్టెన్లు అమ్మేస్తారు, వచ్చేవాళ్ళు కొనుక్కుంటారు. కానీ ఒకరి కిటికీ పొడుగు, ఇంకొకరిది పొట్టి. కొన్నవాళ్ళంతా గుండుసూదులు గుచ్చి వేలాడదీసుకుంటున్నారు. మా పైఅంతస్తు అమ్మాయి ఇంట్లో అయితే కర్టెను కింద మూర గుడ్డ నేల ఊడుస్తోంది. నేను చేత్తో మడిచి కుట్టి ఇచ్చాను. ఆ అమ్మాయి ఫోరంలో ఫోటో పెట్టింది. అంతే, వారంలో తొమ్మిది మంది తలుపు తట్టారు!

మా భవనంలో కింద ఒక మూలగది ఖాళీగా ఉంది. బల్ల పడుతుంది, వెలుతురు బాగుంటుంది. సెక్రటరీగారిని అడిగితే, "ఒక్కరి పేరు మీద ఇవ్వమమ్మా. మీరు ఊరెళితే గదికి తాళం పడుతుంది. ఇద్దరి సంతకాలు తెండి, ఏప్రిల్ ముప్పైలోగా. లేకపోతే మెట్ల కింద విరిగిన కుర్చీలన్నీ అందులో వేసేస్తాం" అన్నారు. నా గది కోసం విరిగిన కుర్చీలతో పోటీ పడాల్సి వస్తుందనుకోలేదు.

అందుకని పొత్తు మనిషి కావాలని ఫోరంలో రాయబోతున్నాను. కానీ అక్కా, మనిషిని ఎంచుకోవడం నాకు తెలియదు. మనిద్దరం ఒకరినొకరం ఎంచుకోలేదు. నిన్నూ నన్నూ ఎంచింది అత్తయ్యే. ఆ తర్వాత ముందుగదిలో పద్దెనిమిదేళ్ళు పక్కపక్కన కుట్టేశాం. కొత్త మనిషిని దేన్నిబట్టి చూడాలి? నువ్వు చెబితే అలాగే చేస్తాను.

నీ చెల్లి

ఫిబ్రవరి 17

చెల్లీ,

దీవెనలు. నీ ఉత్తరం పట్టుకుని మిషను దగ్గర కూర్చున్నానో లేదో అత్తయ్య "ఏం రాసింది, ఏం రాసింది" అని ప్రాణం తీశారు. కర్టెన్లు కుడుతుందట అన్నాను. "అంతదూరం వెళ్ళి గుడ్డలు కుట్టుకోవడమా" అని బుగ్గలు నొక్కుకున్నారు. ఇక్కడ మనం ఇన్నేళ్ళూ కుట్టినవి ఇత్తడి బిందెలనుకున్నారు కాబోలు.

పొత్తు మనిషి కావాలా నీకు? మంచిదే. ఒంటిచేత్తో చప్పట్లు మోగవు మరి. ఇక్కడ నేను ఒంటిచేత్తోనే మోగిస్తున్నాననుకో, ఆ సంగతి వేరు.

మనిషిని ఎలా చూడాలంటావా, విను. కుట్టమని ఎవరికీ ఇవ్వకు. కుట్టేటప్పుడు అందరూ మంచివాళ్ళే, పది కళ్ళు తమ మీద ఉన్నాయని ఒద్దికగా కుడతారు. పాత కర్టెనొకటి చేతికిచ్చి, అంచు కుట్టు విప్పమను. విప్పే పనికి పేరు రాదు, మెప్పు రాదు. మనిషి అసలు రంగు అక్కడే బయటపడుతుంది. లాగేవాళ్ళుంటారు, చింపేవాళ్ళుంటారు, దారం ముక్కలు నీ నేల మీద పారేసి చేతులు దులుపుకునేవాళ్ళుంటారు. ఎదుటివాళ్ళు కుట్టినదాన్ని గుడ్డ నొప్పించకుండా విప్పినవాళ్ళని వదలకు.

మాటలు తియ్యగా ఉన్నాయని మోసపోకు. నీకు ఆ జబ్బు ఉంది. ఎవరైనా రెండుసార్లు "అక్కయ్యగారూ" అంటే ఇంటి తాళాలు ఇచ్చేస్తావు.

బావగారు క్షేమం. మోకాలు నొప్పి అంటారు, ఎవరైనా పేకాటకి పిలిస్తే నొప్పి ఉండదు. నీ మిషను మీద దుప్పటి కప్పి ఉంచాను.

ఆ ఫోరం మన పెద్దమ్మాయి ఫోనులో వస్తుందా? ఊరికే అడుగుతున్నాను.

నీ అక్క

మార్చి 4

అక్కకి,

నమస్కారాలు. నీ ఉత్తరం రాకముందే ప్రకటన పెట్టేశాను. ఇలా రాశాను: "కర్టెన్లు సరిచేసి కుట్టే పనికి పొత్తు మనిషి కావాలి. మధ్యాహ్నాలు వీలుండాలి. దైవభక్తి ఉంటే సంతోషం, లేకపోతే ఓపికైనా ఉండాలి." పదకొండు జవాబులొచ్చాయి! నీ ఉత్తరం అందగానే నలుగురైదుగుర్ని పిలిచి నువ్వు చెప్పిన పరీక్ష పెట్టాను.

ముందు ఒక పెద్దమనిషి కంప్యూటరు చంకలో పెట్టుకుని వచ్చాడు. అయిదేళ్ళలో నలభై ఊళ్ళలో మన కొట్లు ఉంటాయని బొమ్మలు చూపించాడు. "బాబూ, కుట్టు విప్పడం వచ్చా?" అన్నాను. "దానికి మనుషుల్ని పెట్టుకుంటామండీ" అన్నాడు. "ఆ మనుషులు ఎవరు?" అన్నాను. కాస్త ఆలోచించి, "ప్రస్తుతానికి మీరే" అన్నాడు. కాఫీ ఇచ్చి పంపించాను.

తర్వాత ఒకావిడ. గొంతు చక్కెరపాకం. ఏమన్నా "అలాగేనండీ, మీరెలా అంటే అలాగే" అంటుంది. నిజం చెప్పాలంటే నాకు నచ్చేసింది. కానీ బ్లేడు చేతికిచ్చానో లేదో జానెడు గుడ్డ చీరేసింది. చీరి, "గుడ్డ పాతదిలెండి" అంది. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు, నా తాళాలు నా దగ్గరే ఉన్నాయి.

ఇంకొకాయన కుట్టు విప్పుతున్నంతసేపూ తన వియ్యంకుడి సంగతులు చెప్పాడు. వియ్యంకుడి మీది కోపమంతా ఆ కర్టెను మీద పడింది పాపం.

అన్నిటికన్నా విడ్డూరం ఇంకొకటుంది. "ఇనపగజం" అనే పేరుతో ఒకావిడ ఫోరంలోనే రాసింది. మరో దేశంలో ఉంటుందట. నమస్కారం లేదు, పలకరింపు లేదు, ముప్పై ఒక్క ప్రశ్నలు! "ఉతక్కుండానే కత్తెర వేస్తారా? ముందు వేలాడదీసి గుడ్డ సాగాక అంచు గుర్తు పెడతారా, లేక తొందరపడి ముందే కుట్టేస్తారా? తప్పు మీదైతే ఒప్పుకుంటారా? కోపం వస్తే ఎన్నాళ్ళు మాట్లాడరు?" పైగా ఫోటోలో నేను కుట్టిన అంచు ఎడమవైపు అర వేలెడు దిగిందని అందరూ చూస్తుండగా రాసింది. పైఅంతస్తుకి వెళ్ళి కొలిచి చూశాను అక్కా. అది నిజమే, దిగింది. కానీ అలా అంటారా? నువ్వూ తప్పులు పడతావు, నీ మాట వేరు.

రెండు రోజులు ఆలోచించి మర్యాదగానే రాశాను: "అమ్మా, మీ అనుభవానికి దణ్ణం. మీతో కలిసి పనిచేయగల మనిషి ఎక్కడో పుట్టే ఉంటుంది. ఆ మనిషిని నేను మాత్రం కాదు." ఫోరంలో అందరూ తెగ నవ్వుకున్నారు. నలభై మందికి నచ్చిందట. జీవితంలో మొదటిసారి ఒకరికి గట్టిగా జవాబు చెప్పాను, కాస్త గర్వంగా ఉంది. నువ్వు పక్కనుంటే మెచ్చుకునేదానివి.

ఒక సంగతి. నా మిషను ఊరికే దుప్పటి కింద ఎందుకు, ఎవరికైనా పనికొస్తే ఇచ్చెయ్యి. ఎలాగూ నేను మూడేళ్ళదాకా రాను.

నీ చెల్లి

మార్చి 17

చిరంజీవి సౌభాగ్యవతి మా తోడికోడలు గారికి,

మీ ఉత్తరం అందింది. సంగతులు తెలిశాయి. మీకు గట్టిగా జవాబు చెప్పడం వచ్చినందుకు సంతోషం.

మిషను ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు. అలాగే. అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. అసలు ముందుగదిలో కుట్టు పని ఇక ఆపేద్దామా అని చూస్తున్నాను. గది ఖాళీ అయితే మీ బావగారి పేకాట బృందానికి పనికొస్తుంది.

కొత్త పొత్తు కలిసిరావాలని కోరుకుంటూ,

ఇట్లు,
అక్క

మార్చి 31

అక్కకి,

నమస్కారాలు. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను, నాలుగోసారి మీ మరిది చేత చదివించాను. "మీ" అంటావా నన్ను? "గారు" అంటావా? నీ పెళ్ళయిన ఏడేళ్ళకి నేను ఆ గుమ్మంలో అడుగుపెట్టిన రోజున కూడా "ఏమే, చెప్పులు అక్కడ విడువు" అన్నావు కానీ గారు అనలేదు. ఫోను చేస్తే అత్తయ్య "కత్తెర పనిలో ఉంది" అంటున్నారు. వారం రోజులుగా అదే కత్తెర పనా?

మిషను మాటకి కోపం వచ్చిందని మీ మరిది అంటున్నారు. దుప్పటి కింద తుప్పు పడుతుందని అన్నాను, అంతే. అది తప్పయితే ఒప్పుకుంటున్నాను. ఆ గదిలో పేకాట మాత్రం వద్దు. చేతులెత్తి మొక్కుతాను.

ఇక్కడి సంగతి చెప్పి నీ సలహా అడగాలి. కోపం ఉన్నా సలహా ఇవ్వు, కోపం పక్కన పెట్టి ఇవ్వమనడం లేదు.

ఒకావిడ వచ్చింది. ఇక్కడ సిటీ బస్సు నడుపుతుంది. పొద్దున నాలుగింటికి బండెక్కితే పన్నెండుకి పని అయిపోతుంది. మనిషి ఎత్తు, మాట తక్కువ. "నాకు కుట్టడం రాదండి. కానీ డ్రిల్లు వాడతాను, రాడ్లు బిగిస్తాను, ఊళ్ళో ప్రతి వీధీ తెలుసు" అంది. ఇదెక్కడి పొత్తు అనుకుంటూనే పాత కర్టెను ఇచ్చాను. ముందు "ఈ గుడ్డ మళ్ళీ వాడతారా?" అని అడిగింది. కిటికీ దగ్గరికి వెళ్ళి వెలుతురులో తిప్పి తిప్పి చూసింది. నాలుగు కుట్లకొకటి చొప్పున తెంపి, వెనక్కి తిప్పి దారం లాగితే పొడుగాటి దారం ఒక్కటిగా వచ్చేసింది. తర్వాత వేలు తడి చేసుకుని సూది చిల్లుల మీద గోటితో రుద్దింది. చిల్లులు మూసుకుపోయాయి! ఎవరు నేర్పారమ్మా అంటే, "ఎవరూ నేర్పలేదండి, గుడ్డకి బాగుంటుందనిపించింది" అంది.

నువ్వు చూసి ఉంటే అక్కడికక్కడే సంతకం పెట్టించేదానివి. కానీ నాకు భయంగా ఉంది. నాకు చెప్పేవాళ్ళు లేకపోతే చెయ్యి ఆడదు. కుచ్చిళ్ళు సమానంగా పంచడం నాకు ఇప్పటికీ రాదు, అది నీ పని. నా తప్పు పట్టే మనిషి లేకపోతే ఎడమవైపు అంచు దిగుతూనే ఉంటుంది. ఆ ఇనపగజం చెప్పింది నిజం కదా అని ఇప్పుడు అనిపిస్తోంది. తొందరపడి కాదన్నాను. క్షమించమని ఫోరంలో రాశాను. ఆవిడ పలకడం లేదు.

ఏప్రిల్ ముప్పై దగ్గరపడుతోంది. సెక్రటరీగారు నిన్న విరిగిన కుర్చీలు రెండు తెచ్చి గది గుమ్మం ముందు పెట్టించారు, నా కళ్ళ ముందే. డ్రైవరమ్మకి ఊ అనాలా, ఇనపగజం కోసం ఇంకా వెతకాలా? నీ మాట ముప్పైలోగా అందేలా రాయి.

నువ్వు గారు అన్నా నువ్వు మాత్రం నా అక్కవే.

నీ చెల్లి

ఏప్రిల్ 13

చెల్లీ,

మనసు మారకముందే రాసేస్తున్నాను. ఆ ఇనపగజం నేనే.

ఇక వెతకడం ఆపు.

పెద్దమ్మాయి ఫోను తీసుకుని, కళ్ళద్దాలు పెట్టుకుని ఒక మధ్యాహ్నమంతా కుస్తీ పట్టాను. "మీరు పరాయి దేశంలో ఉంటున్నారా?" అని అడిగింది ఆ ఫోరం. నువ్వున్న చోటికి మాది పరాయి దేశమే కదా, అవునని నొక్కాను. అబద్ధం కాదు. కావాలంటే నీ దేవుణ్ణి అడుగు. పేరు పెట్టమంటే ఎదురుగా బల్ల మీద మన ఇనప గజం కనిపించింది. పద్దెనిమిదేళ్ళు దానితోనే కొలిచావు, పేరు చూడగానే పట్టేసుకుని పగలబడి నవ్వుతావనుకున్నాను. ఆ ముప్పై ఒక్క ప్రశ్నలూ ఏమిటనుకున్నావు? మనిద్దరం ఇన్నాళ్ళూ ఏయే మాటల మీద పోట్లాడుకున్నామో వరుసగా గుర్తు చేసుకుని రాశాను. రాస్తుంటే నాకే నవ్వొచ్చింది. "కోపం వస్తే ఎన్నాళ్ళు మాట్లాడరు" అన్నదానికైనా తెలియలేదా? రాజకీయ నాయకుడి జాకెట్టు తప్పు కొలతకి కుట్టి, పదహారు రోజులు నాతో మాట్లాడకుండా ఉన్నది ఎవరు?

ఆ మనిషి ఎక్కడో పుట్టే ఉంటుంది అన్నావు. పుట్టింది. మా మరిదిని చేసుకుని మా ఇంటికే వచ్చింది. నలభై మందికి నీ జవాబు నచ్చిందని మురిసిపోయావు, నలభై ఒకటో మనిషిగా నేనూ చదివాను. పైగా మిషను ఇచ్చెయ్యమంటావు. ఇంకేముంది, దారం తెంపేసిందిలే అనుకున్నాను.

నీ మీద కోపం కాదే. పొత్తు మనిషి కావాలని పరాయి ఊళ్ళో తలుపు తలుపునా అడిగావు, వియ్యంకుడి మీద పళ్ళు కొరికేవాణ్ణి కూడా పిలిచి కూర్చోబెట్టావు. నన్ను మాత్రం మనిషిని ఎలా ఎంచుకోవాలని అడిగావు, "నువ్వు ఉంటావా అక్కా" అని అడగలేదు. నేను అక్కడికి రాలేనని నాకూ తెలుసు. రాలేను అనే మాట నా నోటితో చెప్పే అవకాశమైనా ఇవ్వాలి కదా.

సరే, చెప్పేశాను, గుండె తేలికైంది. మీ బావగారు "ఇవాళ కూర బాగుంది" అన్నారు. అంటే నెల రోజులుగా ఎలా వండానో నువ్వే ఊహించుకో.

ఇక సలహా. ఆ డ్రైవరమ్మని వదిలావంటే నిన్ను చెల్లీ అని పిలవను. సూది చిల్లుల మీద గోటితో రుద్దే బుద్ధి పుట్టుకతో రావాలి. కుట్టడం నువ్వు నేర్పు. గదికి రెండో పేరు ఆవిడదే పెట్టు. గది తాళం తీసేది, ఎదురుగా నిలబడేది, నువ్వు మంచాన పడితే మందు తెచ్చేది ఆవిడ. నా పేరు కాగితం మీద ఉంటే తలుపు తెరుచుకోదు.

కుచ్చిళ్ళ పని వస్తే కొలతలు ఆ ఫోరంలో నాకు విడిగా పంపు, పంచి గీసి ఫోటో తీసి పెడతాను. ఎలాగూ చేరాను కదా, ఊరికే ఎందుకు పోనివ్వాలి. మిషను ఎవరికీ ఇవ్వలేదు. పేకాటా లేదు.

నీ అక్క

మే 1

అక్కా,

నీ ఉత్తరం ఇరవయ్యారున అందింది. చదివి సోఫాలో కూలబడి ఏడ్చాను, తర్వాత నవ్వాను, తర్వాత రెండూ కలిసి వచ్చాయి. మీ మరిది కంగారుపడి మంచినీళ్ళు తెచ్చి, ఉత్తరం చదివి, "మా వదినకి దణ్ణం" అని ఆయన కూడా కూర్చుండిపోయారు.

నేనెందుకు గుర్తుపట్టలేదో ఆలోచించాను. నీ ప్రతి తిట్టుకీ నీ గొంతు తోడుంటుంది. గొంతు లేకుండా ఉత్త అక్షరాలు చదివేసరికి ఎవరో పెద్ద అధికారిణి అనుకున్నాను. నువ్వు ఫోరంలో ఉంటావని కలలో కూడా అనుకోలేదు, ఫోను పట్టుకుంటే షాక్ కొడుతుందన్నట్టు పట్టుకుంటావు కదా.

నిన్ను అడగలేదన్నావు. నిజం. అడగాలని తట్టనేలేదు. కుడిచెయ్యి పని మొదలుపెట్టేటప్పుడు ఎడమచేతిని "వస్తావా" అని అడగదు. కానీ ఎడమచెయ్యి నొచ్చుకుంటుందని ఇప్పుడు తెలిసింది. మనతోనే ఉందనుకున్న మనిషిని కూడా అడగాలి. అందుకని ఇప్పుడు అడుగుతున్నాను: నువ్వు ఉంటావా అక్కా? రాలేనని ముందే చెప్పేశావు, ఆ జవాబు వద్దు. ఇంకోటి చెప్పు.

ఇరవయ్యెనిమిదిన డ్రైవరమ్మ బస్సు దిగి యూనిఫారంలోనే వచ్చి సంతకం పెట్టింది. సెక్రటరీగారు రెండు సంతకాలూ భూతద్దం పెట్టినంత పరీక్షగా చూసి, "ఇద్దరికీ గొడవ వస్తే?" అన్నారు. నేను నోరు తెరిచేలోపే డ్రైవరమ్మ, "వస్తుందండి, రాకపోతే ఎలా?" అంది. తాళం ఇచ్చేశారు. కుర్చీలు మళ్ళీ మెట్ల కిందికి వెళ్ళాయి.

గొడవ మర్నాడే వచ్చింది. బల్ల కిటికీ కింద ఉండాలని నేను, తలుపు దగ్గరైతే కర్టెన్లు మోసుకురావడం తేలికని ఆవిడ. నేను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను, ఆవిడ మూతి ముడుచుకుంది. గంటసేపు ఎవరి పని వాళ్ళం చేసుకున్నాం. గోడకి చిల్లు పెడుతూ ఆవిడ "కిటికీ దగ్గరే మంచిదిలెండి, దారం కనిపిస్తుంది" అంది. అప్పటికే నేను బల్ల సగం తలుపు వైపు జరిపాను. ఇప్పుడది నడిమధ్యలో ఉంది, ఇద్దరికీ అడ్డంగా.

నిన్న ఫోరంలో ప్రకటన తీసెయ్యబోతే అది నన్ను అడిగింది: "మీకు భాగస్వామి దొరికారా?" అవునని నొక్కాను. "ఎంతమంది?" అని ఒక గడి వచ్చింది. డ్రైవరమ్మ నా భుజం మీదుగా చూస్తోంది. "ఏం వెయ్యను?" అన్నాను. "మీ అక్క జవాబు రాలేదుగా ఇంకా?" అంది. "రాకపోయినా" అన్నాను.

రెండు వేశాను.

నీ చెల్లి